షీట్‌లో లాభం, ఖాతాలో నష్టం: తేడా ఎక్కడ?

గెలుపోటములు రాసుకునే షీట్‌లో ఫీజు కలపలేదు. న్యూజెర్సీలో మీ తమ్ముడు 200 ఆన్‌లైన్ పోకర్ టోర్నీలు ఆడాడు, షీట్‌లో 5 శాతం లాభమున్నా ఖాతా తగ్గిందన్నారు కదా.

1. ఎంట్రీ 10 డాలర్లు, సైట్ తీసుకునే ఫీజు 1. అంటే ఖర్చు 11. మొత్తం 2,200. వచ్చింది 2,100. ఫీజు వదిలేసి 2,000తో పోల్చితే 5 శాతం లాభంలా కనిపిస్తుంది, కానీ అసలు ఖర్చు 2,200. అంటే దాదాపు 4.5 శాతం నష్టం.

2. ఎక్కువమంది మరిచేది రీ-ఎంట్రీ. ఓడి మళ్లీ దిగితే మళ్లీ 11 డాలర్లు పోయినట్టే. దానికి వేరే వరుస రాయాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిపోయేదాకా షీట్‌ను నమ్మకండి.

3. పెద్ద ప్రైజ్ ఒక్కటి తీసేసి చూడండి. లెక్క బాగా మారిపోతే ఆట తీరు తేల్చడానికి 200 టోర్నీలు చాలనట్టే.

4. కనీసం 100 ఎంట్రీల డబ్బు, అంటే 1,100 డాలర్లు విడిగా లేకపోతే 5 డాలర్లవాటికి దిగమనండి.

హైదరాబాద్‌లో మీరు మాత్రం షీట్‌తోనే ఆగండి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచే నిషేధం.