చీర కట్టుకున్నా స్టోమా బ్యాగు ఇబ్బంది పెట్టకుండా

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. పెద్దపేగు ఆపరేషన్ చేసి, పొట్ట మీద తెరిచిన పేగు నోటికి (స్టోమా) మలం పట్టే కొలోస్టమీ బ్యాగు పెట్టారు. లంగా బొందు దగ్గర, బ్యాగును చర్మానికి అతికించే ప్లేటు లేచి లీకవుతోంది. చెమటకు బ్యాగు ఒంటికి అంటుకుంటోంది, కదిలితే చప్పుడు. పెళ్లిళ్లకు వెళ్లడమే మానేసింది. ఇంట్లో ఏం మార్చుకోవచ్చు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు బొందు సంగతి చూడండి. స్టోమా మీదుగా బొందు బిగిస్తే మలం కిందికి జారదు. అక్కడే పేరుకుని ప్లేటు అడుగుకు దూరుతుంది. బ్యాగు మంచిది కాదని కంపెనీలు మార్చేవాళ్లలో కొందరికి అసలు కారణం ఈ బొందే. దాన్ని తీసేసి రెండంగుళాల వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ కుట్టించండి. అది స్టోమాకు పైనో, బాగా కిందో ఉండాలి. (నిజానికి ఆపరేషన్‌కు ముందే మనిషిని కూర్చోబెట్టి, వంగమని, బొందు కట్టే చోటు కూడా చూసి, స్టోమా ఎక్కడ రావాలో పొట్ట మీద గుర్తు పెట్టాలి.)

తర్వాత ప్లేటు రంధ్రం. స్టోమా చాలామందికి పూర్తి గుండ్రంగా ఉండదు. పైగా ఆపరేషనయ్యాక మొదటి 6–8 వారాల్లో వాపు తగ్గి చిన్నదవుతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతతోనే ఇప్పటికీ కత్తిరిస్తుంటే లీకు తప్పదు. మళ్లీ కొలిచి, దానికంటే 2–3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉంచండి. ఇంకా వదులైతే మలం తగిలి చర్మం ఒరుస్తుంది, బిగువైతే స్టోమా కోసుకుంటుంది. చర్మాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి పొడిగా అద్దాలి. కొబ్బరి నూనె, పౌడరు వద్దు, జిగురు పట్టదు. ప్లేటును అరచేతుల మధ్య నిమిషం వెచ్చచేసి అతికించి, పైన చేయి ఆనించి కాసేపు ఉంచాలి. పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చడం సులువు.

ఈ ప్లేటు జిగురుకు మన అడవులతో చుట్టరికం ఉంది. ఇప్పటి పదార్థాలు రాకముందు స్టోమా చుట్టూ వాడింది కరాయ, అంటే మన ఏజెన్సీలో గిరిజనులు సేకరించే తపసి బంక.

చెమటకూ చప్పుడుకూ నూలు తొడుగు చాలు. పాత నూలు చీర ముక్కపై ఖాళీ బ్యాగును పరిచి గీసి, చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి రెండు ముక్కలు కత్తిరించండి. నిండితే ఉబ్బుతుంది కదా, ఆ చోటు కావాలి. ఒంటివైపు ముక్కకు ప్లేటు బయటికి వచ్చేంత రంధ్రం, ఎదుటి ముక్కకు ఎంత నిండిందో చూసుకోవడానికి అడ్డంగా ఒక చీలిక. అడుగు కుట్టకండి, బ్యాగు తీయకుండానే ఖాళీ చేసుకోవచ్చు. రోజూ ఉతకాలి కాబట్టి మూడు కుట్టించండి.

మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువుకే ప్లేటు ఊడుతుంది. గాలికి ఉబ్బితే పిన్నుతో గుచ్చకండి, వాసన అక్కడి నుంచే వస్తుంది. బొగ్గు ఫిల్టరున్న బ్యాగు అడగండి. ఫిల్టరు తడిస్తే పనిచేయదు, స్నానానికి ముందు పెట్టెలో వచ్చే స్టిక్కరు అంటించండి. మూసి ఉన్న బ్యాగు వాసనొస్తుంటే ప్లేటు అంచు లేచిందేమో చూడండి.

స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.