వరద తగ్గాక బురద తీయడానికి వెళ్తున్నారా? ముందు లారీ సంగతి చూడండి

నీళ్ళు తగ్గాక చెన్నైలోని వేలచ్చేరి, ఆ పక్క ముడిచ్చూర్ వైపు ఇళ్ళు శుభ్రం చేయడానికి మీ ఆఫీసులో నలభై మంది తెలుగువాళ్ళు సిద్ధంగా ఉన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. 2015లో సైదాపేటలో, 2023లో మిచౌంగ్ తుపాను తర్వాత వేలచ్చేరిలో ఈ పని చేశాను. మనుషులు ఎలాగోలా దొరుకుతారు. ఇంట్లోంచి తీసిన బురద, తడిసిన పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ బీరువాలు ఎక్కడికి పోవాలన్నదే అసలు తలనొప్పి.

నలభై మంది ఒకే సందులో దిగితే మధ్యాహ్నానికల్లా ఇళ్ళన్నీ ఖాళీ చేసేస్తారు. ఆ సామానంతా సందులోనే గుట్టపడుతుంది. లారీ వచ్చినా లోపలికి దూరే దారి ఉండదు. డిసెంబరు అంటే చెన్నైకి ఇంకా వానాకాలమే కాబట్టి సాయంత్రం మళ్ళీ వాన పడితే అదే బురద అవే గుమ్మాల్లోకి దిగుతుంది. అందుకే మీ మొదటి ఫోను ఆ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి వెళ్ళాలి. నంబరు దొరక్కపోతే చెన్నై కార్పొరేషన్ 1913కి చేయండి. ముడిచ్చూర్ ఆ కార్పొరేషన్ కిందికి రాదు, తాంబరం వైపు వాళ్ళని పట్టుకోవాలి.

తమిళం సరిగా రాదని జంకకండి. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. "అన్నా, లారీ ఎన్నింటికి వస్తుంది? గుట్ట ఎక్కడ పొయ్యమంటారు?" అని అడిగితే ఏ ఆఫీసరూ చెప్పనంత వివరంగా చెబుతారు. లారీ దూరని సందులకు మీన్‌బాడీ వండి ఒకటి అద్దెకు తీసుకోండి. చెన్నైలో చేపల బుట్టల నుంచి ఇనప కడ్డీల దాకా అన్నీ మోసేది ఆ మూడు చక్రాల బండే.

ఏ బురదో ముందు రోజే వెళ్ళి చూసి రండి. 2015లో తాంబరంలో ఒక్క రోజులో 49 సెం.మీ. వాన పడింది. దానికి చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్ళు కూడా తోడై అడయారు నది పొంగి, ఒడ్డున ఉన్న ఇళ్ళలోకి మట్టి కొట్టుకొచ్చింది. దానికి పారలు, గమేళాలు కావాలి. 2023లో వేలచ్చేరిలో మేం చూసింది రోజుల తరబడి నిలిచిన వాన నీళ్ళు, వాటిలో కలిసిన డ్రైనేజీ. అక్కడ మోటారు, వైపర్లు, బ్లీచింగ్ పౌడరే ఎక్కువ పనికొచ్చాయి. ఏదైనా తడిగా ఉన్నప్పుడే తీసేయాలి. ఎండితే పార దిగదు. వాన నీటి కాలవలోకి మాత్రం తోయకండి, మళ్ళీ అదే పూడిపోతుంది.

ఇంటికి ఏడెనిమిది మంది చాలు. వాళ్ళలో ఒకరు పార ముట్టుకోకూడదు, ఇంటావిడ పక్కనే నిలబడాలి. ఆమె చూసి సరేనన్నాకే ఏదైనా బయటికి వెళ్ళాలి. మనకి చెత్తలా కనిపించే ప్లాస్టిక్ కవర్లోనే రేషన్ కార్డు, ఇంటి పట్టా, పిల్లల సర్టిఫికెట్లు ఉంటాయి. తడి కాగితాలను బలవంతంగా విడదీయకుండా నీడలో ఆరబెట్టండి. పారేసే ముందు టీవీ, ఫ్రిజ్ ఫొటోలు తీసి వాళ్ళ ఫోన్‌కే పంపండి, నష్టం చూపించుకోవడానికి పనికొస్తాయి. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూద్దామనే కుర్రాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మెకానిక్ చూసేదాకా వాణ్ణి ఆపండి, ఇంజన్లోకి నీళ్ళు పోయి ఉంటే మొత్తానికే పోతుంది.

జాగ్రత్తల్లో మొహమాటం వద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆఫ్ అయిందని చూశాకే లోపలికి అడుగు పెట్టాలి. చెప్పులతో వచ్చినవాళ్ళని వెనక్కి పంపేయండి. టీషర్టులకీ బ్యానర్లకీ పెట్టే డబ్బుతో గంబూట్లు, రబ్బరు గ్లవుజులు కొనండి. బ్లీచింగ్‌లో టాయిలెట్ యాసిడ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంక్ జోలికి ఎవరు బతిమాలినా వెళ్ళొద్దు, ప్రాణాలు పోతాయి. ఈ నీళ్ళతో ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. అవసరమనుకుంటే డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తారు, గర్భిణులకు మాత్రం అది ఇవ్వరు. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అప్పుడే అడిగేయండి.

ఇంకొకటి, నలభై మందినీ ఒకేసారి తీసుకెళ్ళకండి. మొదటి ఆదివారం అన్ని కంపెనీల వాళ్ళూ వస్తారు, బిర్యానీ పొట్లాలు మిగిలిపోతాయి. రెండో ఆదివారం ఎవరూ కనపడరు. గోడలు కడగడం, సంప్ తోడి రుద్ది బ్లీచింగ్ వేయడం లాంటి పనులు మిగిలేది అప్పుడే. సగం మందిని దానికి ఆపి ఉంచండి. సంప్‌లోకి ఎవరినీ ఒంటరిగా దించకండి. మూత తీసి బాగా గాలి ఆడనిచ్చాక, పైన ఇద్దరు కనిపెట్టుకుని ఉంటేనే ఒకరు దిగాలి.