కొలంబోలో ఆగిన కంటైనర్ సంగతి

గుంటూరు మిరపకాయల కంటైనర్ చెన్నైలో ఓడ ఎక్కి హాంబర్గ్‌కు వెళ్తూ తొమ్మిది రోజులుగా కొలంబోలోనే ఉందని, శ్రీలంక కస్టమ్స్ పట్టుకుందేమోనని కంగారుపడుతున్నారు. మీరు చెప్పినదాంట్లో అలాంటి సూచనేమీ లేదండీ. కొలంబోలో దిగే కంటైనర్లలో ఎక్కువ భాగం శ్రీలంక సరుకు కాదు, ఓడ మారడానికి వచ్చినవే. వాటిలో మన దేశానివే బోలెడు. ఆసియా నుంచి యూరప్ వెళ్లే ఓడల దారి ఆ రేవు పక్కగానే పోతుంది. దక్షిణ రేవులో 2013లో తెరిచిన టెర్మినల్ దగ్గర లోతు 18 మీటర్లు, కాబట్టి భారీ ఓడలు అక్కడ ఆగగలవు.

ట్రాకింగ్‌లో చివరి వరుస చూడండి. ‘డిశ్చార్జ్‌డ్’ (దించారు) అని ఉండి, తర్వాత ‘లోడెడ్’ (ఎక్కించారు) లేదంటే పెట్టె చెన్నై నుంచి తెచ్చిన చిన్న ఓడ దిగింది, యూరప్ వెళ్లే పెద్ద ఓడ ఇంకా ఎక్కలేదు. ఒక్కోసారి చిన్న ఓడ ఒక టెర్మినల్‌కు, పెద్దది మరో టెర్మినల్‌కు వస్తాయి. అప్పుడు పెట్టెను లారీ మీద తరలించాలి. ఈలోగా ఓడ తప్పిపోతే తర్వాతి ఓడ వచ్చేదాకా పడిగాపులే.

ఏజెంటుకు కంటైనర్ నంబరు పంపి, రెండో ఓడ పేరు, వాయేజ్ నంబరు (ఆ ఓడ ప్రయాణానికి ఇచ్చే నంబరు) అడగండి. చెప్పలేకపోతే అప్పుడు గట్టిగా నిలదీయండి. కొనుగోలుదారుకు మాత్రం ఈరోజే కబురు పెట్టండి. నేను ఒకసారి నాన్చి మాటలు పడ్డాను.