నోరు విప్పని అమ్మాయికి లైబ్రరీ ఉద్యోగం నప్పుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పుస్తకాలంటే ప్రాణం, నలుగురిలో మాత్రం మాట్లాడదు. లైబ్రరీ సైన్స్‌లో చేర్పిస్తే నెగ్గుకొస్తుందా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తక్కువ మాట్లాడటం ఈ ఉద్యోగానికి అర్హతా కాదు, అడ్డంకీ కాదు. ఎదుటివాళ్లు సగం చెప్పి ఆపేస్తే మిగతా సగం రాబట్టే ఓపిక ఉందా అన్నది చూడండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలవాళ్ల తాకిడి ఎక్కువ. ఒకబ్బాయి వచ్చి ‘గ్రూప్-2 బుక్ ఉందా’ అంటాడు. ఏ పేపరు, ఏ మీడియం అని రెండు ముక్కలు అడిగితే, కావలసింది నాలుగో పేపరుకు తెలంగాణ ఉద్యమ చరిత్ర, అదీ తెలుగులో అని తేలుతుంది. వినే అలవాటున్నవాళ్లు ఇక్కడ రాణిస్తారు. మనిషి కనబడితేనే విసుక్కునేవాళ్లకు మాత్రం కష్టం. డ్యూటీలో కూర్చుని చదువుకోవచ్చన్న ఆశ ఉంటే అదీ ఇప్పుడే వదిలించండి.

తెలుగు మీడియం అని బెంగ పడకండి, అదే ఆమె పెట్టుబడి. క్యాటలాగులో తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కిస్తే, ‘కథలు’ అన్న మాటను ఒకరు టీహెచ్‌తో, ఇంకొకరు డీహెచ్‌తో కొడతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, కంప్యూటర్ లేదంటుంది. లైబ్రరీల్లో వాడే కోహా సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని తీసుకుంటుంది. ఒక రచయితకు ఒకే రూపం ఖాయం చేసి ఎక్కించాలి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఎవరైనా వేస్తారు. చేతిలో ఉన్నది శతకమా, యక్షగానమా అన్నది పీఠిక చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లకే తెలుస్తుంది.

గట్టిగా నిలబడాల్సింది డబ్బు దగ్గర. నగరంలో ఆస్తిపన్నుతో పాటు 8 శాతం గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అది గ్రంథాలయ సంస్థకు చేరడం ఆలస్యమైతే కొత్త పుస్తకాల కొనుగోలుకే దెబ్బ. కాలేజీల్లో ప్రిన్సిపల్‌ని ఒప్పించాలి. ‘పుస్తకాలు కావాలి సార్’ అంటే ఎవరూ కదలరు. నెలకో పేజీ ఇవ్వాలి: ఎంతమంది వచ్చారు, ఎన్ని ఇష్యూ అయ్యాయి, అడిగినా ఇవ్వలేకపోయినవి ఏవి. ఈ మూడో లెక్క చాలామంది రాయరు, పని జరిపించేది అదే. దీనికి వాగ్ధాటి ఎందుకు, రిజిస్టరు ఉంటే చాలు. ‘లైబ్రరీ మేడమ్ ఖాళీయేగా’ అని అడ్మిషన్ల పని అంటగట్టినప్పుడు కూడా, ఆ రోజుల్లో ఎన్ని గంటలు కౌంటర్ మూతపడిందో రాసి ఇవ్వడం మేలు.

ఏ డిగ్రీ తర్వాతైనా లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ, అంటే బీఎల్ఐఎస్సీ చేయవచ్చు; ఉస్మానియాలో ఉంది, దూరవిద్య కావాలంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడితో ఆపొద్దు. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ పోస్టులకు ఇందులోనే పీజీ అయిన ఎంఎల్ఐఎస్సీలో 55 శాతం మార్కులు, ఆపైన నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష అడుగుతారు. ఫీజు కట్టకముందే దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో అనుమతి అడిగి, రెండు సాయంత్రాలు కౌంటర్ పక్కన కూర్చోబెట్టండి. వచ్చినవాళ్లు ఏమడిగారో, చివరికి ఏం తీసుకెళ్లారో కాగితం మీద రాసుకోమనండి.