నవ్వించాలని అనుకోని అమ్మాయి

ప్రియమైన అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి దొంగ ఎవరో తెలుసుకోవాలని, రెండోసారి నువ్వు ఎక్కడ తడబడ్డావో చూడాలని. పెళ్లివారింట్లో మాయమైన కాసులపేరు, దాన్ని వెతకడానికి నడుం బిగించిన ఇంటర్మీడియట్ పిల్ల. వస్తువు బాగుంది. అయితే నీ కథలో అందరూ జోకులు వేస్తున్నారమ్మా. నాయిక వేస్తుంది, వంటమనిషి వేస్తాడు, చివరికి దొంగ కూడా పట్టుబడ్డాక ఒకటి వేస్తాడు. నాకు నవ్వు వచ్చింది మాత్రం రెండే చోట్ల. ఆ రెండు చోట్లా ఎవరూ జోకు వెయ్యలేదు.

ఒకటి, నాలుగో అధ్యాయంలో. పాదముద్ర కొలవడానికి టేపు దొరక్క నీ పిల్ల పెళ్లికూతురి జడకుప్పెలు పట్టుకొచ్చి, 'రెండు కుప్పెలు, ఒక అగ్గిపుల్ల' అని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. రెండోది, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఎవరెన్ని చెప్పినా లేవని బామ్మ. వీటి దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు నీకు కొన్ని పాత సినిమాల గురించి చెప్పాలి.

నాన్సీ డ్రూ పేరు వినే ఉంటావు. 1930లో అమెరికాలో మొదలైన పిల్లల డిటెక్టివ్ నవలల నాయిక. అట్ట మీద కరొలిన్ కీన్ అని ఉంటుంది గానీ ఆ పేరుతో రచయిత్రి ఎవరూ లేరు. ఎడ్వర్డ్ స్ట్రాటమేయర్ అనే ప్రచురణ వ్యాపారి పాత్రను ఊహించి కథ రూపురేఖలు ఇస్తే, మిల్‌డ్రెడ్ విర్ట్ అనే యువతి కూర్చుని మొదటి నవలలు రాసింది. రాసిన మనిషి పేరు అట్ట మీద లేకపోవడం గురించి నాకు చెప్పవలసింది చాలా ఉంది, అది మరో ఉత్తరంలో. 1938, 1939లలో వార్నర్ బ్రదర్స్ సంస్థ ఈ అమ్మాయిని పెట్టి నాలుగు సినిమాలు తీసింది. నాలుగింటికీ దర్శకుడు విలియం క్లెమెన్స్. నాన్సీగా వేసింది బొనీటా గ్రాన్‌విల్. మొదటి సినిమా విడుదలయ్యేనాటికి ఆమె వయసు పదిహేనేళ్లు. అంతకు రెండేళ్ల ముందే, ఒక చాడీతో ఇద్దరు ఉపాధ్యాయినుల బతుకులు కూల్చే పిల్లగా నటించి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ పిల్ల కళ్లలోని మొండితనం నాన్సీకి బాగా పనికొచ్చింది.

ఇవి చిన్న సినిమాలు. ఒకే టికెట్టు మీద రెండు బొమ్మలు చూపించే రోజుల్లో, పెద్ద సినిమాకు జతగా వేసే రకం. నిడివి గంట, మహా అయితే మరో పది నిమిషాలు. నీ రాతప్రతిలో పెళ్లి విందు వర్ణనే పదకొండు పేజీలు ఉంది. పూతరేకుల దగ్గరకు వచ్చేసరికి నాకు కాసులపేరు సంగతి గుర్తులేదు.

నవలల్లో నాన్సీ నిబ్బరం గల పిల్ల. ఏది పట్టుకున్నా వచ్చేస్తుంది. సినిమాలో నాన్సీ ఊపిరి తిరగకుండా మాట్లాడుతుంది, అవసరమైతే అబద్ధాలాడుతుంది, తండ్రి వద్దన్న పనికి ముందు పరుగెడుతుంది. పుస్తకాల అభిమానులకు ఈ మార్పు నచ్చకపోతే వాళ్లను తప్పుపట్టను. నాకు మాత్రం సినిమా పిల్లే ఇష్టం. కారణం ఇది: ఆమెకు తాను నవ్వు పుట్టిస్తున్నానన్న సంగతే తెలియదు. మొదటి సినిమాలో ఒక పావురం దొరుకుతుంది, వార్తలు మోసే పావురం. దాన్ని వదిలిపెట్టి, అది ఎటు ఎగిరితే అటు కారు తోలుతుంది. తల పైకెత్తి ఆకాశం చూస్తూ రోడ్డు మీద కారు! మనకు నవ్వు, ఆమెకు ప్రాణసంకటం. మాయమైన ముసలావిడ ఎక్కడుందో ఆ పావురానికి తప్ప ఇంకెవరికీ తెలియదు మరి. ఆ దృశ్యంలో నవ్వునూ ఆధారాన్నీ విడదీయడానికి వీల్లేదు. నవ్వు తీసేస్తే కథ అక్కడే ఆగిపోతుంది.

నీ జడకుప్పెల కొలత అలాంటిదే. కానీ తల్లీ, ఆ కొలత తర్వాత ఎక్కడా కనిపించదేం? పన్నెండో అధ్యాయంలో దొంగ దొరికేది వేరే దారిన, ఎవరో వచ్చి చెబితే. 'రెండు కుప్పెలు, ఒక అగ్గిపుల్ల' అన్న లెక్కే వాణ్ణి పట్టించి ఉంటే నేను లేచి చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఇక బామ్మ. నాలుగో సినిమా, రహస్యపు మెట్లదారి కథ, ఆమె కోసమే చూడు. ఇద్దరు వృద్ధ సోదరీమణులు. వీలునామా ప్రకారం ఇరవై ఏళ్లపాటు ప్రతి రాత్రీ తండ్రి ఇంట్లోనే గడిపితేనే ఆ ఇల్లు వాళ్లకు దక్కుతుంది. గడువు తీరడానికి ఇక కొద్ది రోజులే ఉందనగా ఇంట్లో వింత సంఘటనలు మొదలవుతాయి, ఒక చావు కూడా జరుగుతుంది. భయపెట్టే ఇంటి కథ ఏది రాసినా పాఠకుడు మొదట అడిగేది, 'వీళ్లు పెట్టేబేడా సర్దుకుని పోరేం?' అని. చాలామంది రచయితలు ఆ ప్రశ్న వినబడనట్టు నటిస్తారు. ఇక్కడ ఒక్క షరతుతో నోరు మూయించారు. పైగా అదే షరతు దుర్మార్గుడికి కారణం ఇచ్చింది, కథకు గడువు ఇచ్చింది, భయంతో వణుకుతూనే కదలని ఆ ముసలివాళ్ల మీద మనకు నవ్వూ జాలీ కలిసి పుట్టించింది. ఒక్క వాక్యం చేసిన పని ఇదంతా.

ఆ సినిమాలోనే నాన్సీ స్నేహితుడు టెడ్ ఇళ్లకు ఐసు దిమ్మలు చేరవేసే పనిలో ఉంటాడు. ఫ్రిజ్‌లు ఇంటింటికీ రాని కాలం. (పుస్తకాల్లో అతని పేరు నెడ్. సినిమావాళ్లు ఒక్క అక్షరం మార్చారు.) ఆమె పిలిచినప్పుడల్లా బండి వదిలి వెళ్లాలి. ఆలస్యమయ్యేకొద్దీ కరిగిపోయే సరుకు అతనిది! పాత్రకు ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఇలా ఇవ్వాలి. నీ నాయిక బావ ఏం పని చేస్తాడో నూటనలభై పేజీలు చదివినా నాకు తెలియలేదు.

ఈ సినిమాల్లో అన్నీ మెచ్చుకోను. ట్వీడీ అనే పోలీసు అధికారి ప్రతిసారీ తప్పే ఊహిస్తాడు. మొదటిసారి నవ్వొస్తుంది, మూడోసారికి రచయిత బద్ధకం కనబడుతుంది. నీ ఎస్సై ఆ తోవలోనే నడుస్తున్నాడు. అతనికి ఒక్కసారైనా సరైన అనుమానం రానివ్వు, అదీ నీ పిల్ల కంటే ముందు.

నీ వయసులో నేనూ ఒక డిటెక్టివ్ సీరియల్ రాశాను. అధ్యాయానికి మూడు జోకులు చొప్పున లెక్కపెట్టి పెట్టాను. పత్రికవాళ్లు ఐదో వారం దాన్ని ఆపేశారు. హంతకుడు ఎవరని అడుగుతూ ఒక్క ఉత్తరం కూడా రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే నీ మీద ఇంత కఠినంగా ఉన్నాను.

కథంతా ఇప్పుడే తిరగరాయకు. బామ్మ ఆ పెట్టె మీద నుంచి ఎందుకు లేవదో ఒక కార్డు మీద రాసి పంపు. రెండు వాక్యాలు దాటకూడదు. అది చూశాక మిగతా సంగతి మాట్లాడుకుందాం.

నీ శ్రేయోభిలాషి

తా.క.: పక్కింటి కుక్క పేరు మూడో అధ్యాయంలో టామీ, తొమ్మిదిలో రాజు. అది ఆధారం అనుకుని నలభై పేజీలు దాని వెంటే పరుగెత్తాను.