పెరటి డెక్‌కు ఏ పలకలు వేయించాలి?

గుంటూరు, విజయవాడల నుంచి వచ్చి అమెరికాలో తొలి ఇల్లు కొన్నవారు డెక్‌ను మన డాబాలాంటిదే అనుకోవడం సహజం. కానీ అది చెక్క దూలాల మీద పలకలు పరిచి కట్టేది కనుక, ఎండా వానా మంచూ దాన్ని ఏడాది పొడవునా దెబ్బతీస్తూనే ఉంటాయి.

అన్నిటికన్నా చవక ప్రెషర్ ట్రీటెడ్ పైన్, అంటే చెద పట్టకుండా, పుచ్చిపోకుండా రాగి కలిసిన మందును ఒత్తిడితో లోపలికి ఎక్కించిన కలప. ఇది ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, చీలుతుంది. రెండు మూడేళ్లకోసారి సీలర్, అంటే నీరు ఇంకకుండా అడ్డుకునే పూత, పూయక తప్పదు. ఆ రాగి మామూలు ఇనుప మేకులను త్వరగా తుప్పు పట్టిస్తుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు లేదా హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన) స్క్రూలే వాడించండి. పాత ఇల్లు కొన్నవారు ఇంకొకటి గమనించాలి: 2003 చివరి వరకు ఇళ్ల డెక్‌లకు ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉన్న మందు పట్టించిన కలపను విరివిగా వాడారు. వేసవికి వచ్చిన అమ్మగారు అలాంటి డెక్ మీద వడియాలు పెడతానంటే బల్ల వేసి దాని మీద పెట్టించండి. ఊడిన పలకలను మాత్రం ఎన్నడూ పొయ్యిలో పెట్టకండి.

దేవదారు జాతివని అమ్మే సీడర్ పలకలు చూడముచ్చటగా ఉంటాయి గానీ మెత్తన. ఇపే అనే కలప టేకు కన్నా ఎంతో గట్టిది, నీటిలో వేస్తే మునుగుతుంది. ధర కూడా అందుకు తగ్గట్టే ఎక్కువ.

కలప పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్‌కు సీలర్ అక్కరలేదు, పేళ్లు గుచ్చుకోవు. పైన ప్లాస్టిక్ పొర ఉన్న రకమైతే ఆవకాయ నూనె ఒలికినా తుడిస్తే పోతుంది. పొర లేనిదైతే మరక ఇంకిపోవచ్చు. అయితే, డాలస్, ఫీనిక్స్ వంటి చోట్ల ముదురు రంగు కాంపోజిట్ ఎంత కాలుతుందో, మే నెల మధ్యాహ్నం బెజవాడ డాబా మీద చెప్పుల్లేకుండా నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. దుకాణంలో నమూనా ముక్కలు అడిగి తెచ్చి, ఒక పూట ఎండలో ఉంచి, అరికాలు ఆనించి చూశాకే రంగు ఖాయం చేయండి. నా మటుకు నీడ లేని పెరటికి లేత రంగునే సూచిస్తాను.

పలకలు ఏవైనా కింది దూలాలు సాధారణంగా ట్రీటెడ్ పైనే. కాంపోజిట్ పలకలు కాస్త వంగే గుణం గలవి కనుక దూలాల మధ్య దూరం 16 అంగుళాలు మించకూడదు. పలకలను దూలాలకు ఐమూలగా పరిస్తే చాలా కంపెనీలు 12 అంగుళాలే అంటాయి. ఇంటి గోడకు దూలం బిగించే చోట నీరు దిగితే, పైన ఎంత ఖరీదైన పలకలున్నా గోడ లోపలి చెక్క పుచ్చిపోతుంది. అక్కడ నీటిని బయటికి మళ్లించే ఫ్లాషింగ్ రేకు వేయడాన్ని, నగరపాలక సంస్థ పర్మిట్ తీసుకునే బాధ్యతను కాంట్రాక్టరు కొటేషన్‌లో విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.