వారం రోజులు గోడ తడపగలిగితే వెళ్లండి

ప్రశ్న: "మా ప్రార్థనా బృందం వరదలో దెబ్బతిన్న ఊరికి ఇళ్లు కట్టడానికి ఐదు రోజులు వెళ్తోంది. నేనూ వెళ్లాలా, ఆ ఖర్చు డబ్బు అక్కడికే పంపేస్తే మేలా?"

వెళ్లండి. కానీ ఐదు రోజులకైతే వద్దు. ఎందుకో చెప్తాను.

నేనూ ఇలాగే ఒక భక్త బృందంతో వెళ్లాను. ముప్ఫై మందిమి. వరద తీసి నాలుగు నెలలైంది. మాకు అప్పగించింది ఒక పెద్దావిడ వంటగది గోడ. మాలో ఒక్కరికీ తాపీ పని రాదు. ఇటుక మీద ఇటుక పేర్చడమే కదా అనుకున్నాం. పాటలు పాడుకుంటూ సాయంత్రానికల్లా నడుమెత్తు గోడ లేపేశాం. దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగాం.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చాడు. ఏమీ అనలేదు. దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీశాడు. పైన దారానికి ఆనుకుని ఉన్న గోడ కిందికి వచ్చేసరికి రెండు వేళ్లు పక్కకు పోయింది. తర్వాత పై వరసలో ఒక ఇటుక పట్టుకుని కదిపాడు. ఊడి చేతిలోకి వచ్చేసింది. దాని అడుగున సిమెంటు మాలు పట్టుకోనే లేదు, పిండిలా రాలిపోయింది. "ఇటుకలు నానబెట్టారా బాబూ?" అని అడిగాడు. ఎవరమూ నోరు మెదపలేదు. పొడి ఇటుక మాలులో ఉన్న నీళ్లన్నీ తాగేస్తుంది. ఇక సిమెంటు గట్టిపడటానికి తడి ఎక్కడ మిగులుతుంది? ఆ గోడంతా మా చేతులతోనే విప్పించాడు. ఇటుకలు గీకి, తొట్టెలో నానేసి, ఆయన వరసలు పెడుతుంటే మేం అందించాం.

గోడ పూర్తయింది నాలుగో రోజు సాయంత్రం. కనీసం ఏడు రోజులు తడపాలన్నాడు మేస్త్రి. మా బస్సేమో మర్నాడే! పెద్దావిడకు మోకాళ్లు లేవవు. వీధి చివర నుంచి నీళ్లు మోయాలి. ఇది బృందంలో ఎవరికీ తట్టలేదు. ఐదు రోజుల ప్రయాణం పెట్టినవాళ్లకు సిమెంటు సంగతి తెలియదు, అంతే. నేనూ ఇంకొకాయనా ఆగిపోయాం. సెలవు కోసం ఆఫీసువాళ్లను బతిమాలుకున్నాను. గోడ మీద గోనెపట్టాలు కప్పి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాం.

మూడో రోజు అనుకుంటా, ఆవిడ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, "నాయనా, ఇందులో ఏం రాశారో కాస్త చదివిపెట్టవా?" అంది. నష్టపరిహారం దరఖాస్తు ఎందుకు ఆగిందో చెప్పే కాగితం. ఇంటి పత్రాలు జతచేయలేదట. ఇల్లు పైకప్పు దాకా మునిగితే పత్రాలు ఎక్కణ్నుంచి వస్తాయి? నకళ్ల కోసం అర్జీ రాసి, ఆవిడను వెంటబెట్టుకుని రెండుసార్లు ఆఫీసుకు తిరిగాను. ముప్ఫై మందిమి ఉన్నన్నాళ్లూ ఆవిడ ఆ కవరు బయటికి తీయలేదు. తీయడానికి మేం ఖాళీగా ఉంటే కదా. ప్రార్థన, పని, ఫొటోలు, సాయంత్రం ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవడం.

పాత బట్టల గురించి కూడా చెప్పాలి. బడి వరండా నిండా మూటలు. వానకు తడిసి ముక్కిపోయాయి. ఒంటి చెప్పులు, పెళ్లికి వేసుకునే జరీ బట్టలు! వాటిని వేరు చేయడానికే ఇద్దరికి రోజంతా పట్టింది. మీ బృందం బట్టలు పోగు చేస్తుంటే దయచేసి ఆపండి.

ఇంకొకటి. మాలో ఒకరు సిమెంటు బస్తాలు దించుతూనే ఆవిడను ప్రార్థనకు రమ్మన్నారు. ఆ స్థితిలో ఉన్న మనిషి కాదనగలదా? 1994లో రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, మరికొన్ని సహాయ సంస్థలు కలిసి పది అంశాల ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. సాయాన్ని ఏ మత, రాజకీయ వైఖరినీ పెంచడానికి వాడకూడదన్నది అందులో మూడోది. నేను దేవుణ్ని నమ్మేవాణ్ని. ఆ నమ్మకం లేకపోతే వారం రోజులు గోడ తడుపుతూ ఆగేవాణ్ని కాదు. కానీ ఆవిడ అడగకుండా నా దేవుడి మాట ఎత్తే హక్కు నాకు లేదు.

మత సంస్థలు ఈ పని బాగా చేయలేవని కాదు. అమెరికాలో మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1950లో మొదలుపెట్టిన విపత్తు సేవా సంస్థ ఇప్పటికీ ఇళ్లు కడుతూనే ఉంది. 2013లో హయాన్ తుఫాను తర్వాత ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్‌లో త్జు చి అనే బౌద్ధ సంస్థ ఊరివాళ్లకే రోజుకూలి ఇచ్చి వాళ్ల వీధులను వాళ్లతోనే శుభ్రం చేయించింది. ఊరికి ఊరు పనిలో పడింది, చేతిలో నాలుగు డబ్బులూ ఆడాయి.

కాబట్టి డబ్బా, ప్రయాణమా అంటే రెండూ. పదిహేను రోజులు ఉండగలిగేవాళ్లు నలుగురైదుగురు వెళ్లండి. మిగతావాళ్ల టికెట్ల డబ్బు అక్కడి మేస్త్రికీ కూలీలకూ ఇవ్వండి. వెళ్లేవాళ్లలో అర్జీలు రాయగలిగినవాళ్లు ఒక్కరైనా ఉండేలా చూడండి. బయల్దేరే ముందు ఆ మేస్త్రికే ఫోన్ చేసి, ఎప్పుడు రమ్మంటాడో కనుక్కోండి.